నాలుగేళ్ల సిరప్పు

బట్టల ఫ్యాక్టరీలో ఆమెది చెకింగ్ పని. ఏ చొక్కా చేతికొచ్చినా ముందు తిరగేసి లోపలి కుట్లు చూస్తుంది, ఆ తర్వాతే పైభాగం. పైపైన చూసి పంపేసేవాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట. "నీ కంట పడితే మా పని అయిపోయినట్టే" అని మిషన్ల దగ్గర ఆడవాళ్లు మూతి ముడుస్తారు. అంతటి మనిషీ సొంత కూతురి విషయంలో నాలుగేళ్లు నోరు నొక్కుకుని కూర్చుంది.

పిల్లని ఇంట్లో చిట్టి అంటారు. పుట్టిన ఇరవయ్యో రోజున స్నానం చేయిస్తూ తల్లే గమనించింది. దొడ్డికొచ్చే దారి ఉండాల్సిన చోట లేదు, అక్కడ చర్మం నున్నగా ఉంది. బాగా ముందుకి, మూత్రం వచ్చే చోటికి దగ్గరగా, సన్నటి రంధ్రం. కొంచెం కొంచెంగా అందులోంచే వస్తోంది. అత్తగారిని పిలిచి చూపించింది.

"వస్తోందిగా, ఇంకేంటి?" అంది అత్తగారు. "ఆడపిల్ల. అక్కడ బాలేదు, ఇక్కడ బాలేదు అని ఊరంతా టముకు వెయ్యకు."

ఆమె టముకు వెయ్యలేదు. అదే ఆమె చేసిన తప్పు.

పాలు తాగినన్నాళ్లూ ఎలాగో గడిచింది. గట్టి తిండి మొదలయ్యాక ఐదు రోజులకోసారి, వారానికోసారి. పొట్ట బంతిలా ఉబ్బేది. పిల్ల గోడ పట్టుకుని, కాళ్లు మెలిపెట్టి, మొహం కందిపోయేలా ఏడ్చేది. ముగ్గురు డాక్టర్లకి చూపించారు. చూపించారనడం కూడా ఎక్కువే. ముగ్గురూ గౌను మీదే పొట్ట నొక్కి, "మలబద్ధకమమ్మా, పళ్లు పెట్టండి, నీళ్లు తాగించండి" అని సిరప్పు రాసి చేతులు దులుపుకున్నారు. లోపల గట్టిపడిన మలం కదలదు, పక్కనుంచి నీళ్లలా కారి బట్టలు పాడవుతాయి. శుభ్రంగా ఉండడం నేర్పి పంపండని బడివాళ్లు పిల్లని ఇంటికి పంపేశారు. ఏం నేర్పాలి? ఎలా నేర్పాలి?

నాలుగో డాక్టరమ్మ కూడా తలెత్తకుండానే రాయడం మొదలుపెట్టింది. అప్పటికి తల్లికి తలప్రాణం తోకకొచ్చింది.

"రాయకండి" అంది. పిల్లని ఎత్తి బల్ల మీద పడుకోబెట్టి, లోదుస్తు తీసేసింది. "గౌను మీద నుంచి కాదు, ఇక్కడ చూడండి."

డాక్టరమ్మ చూసింది. పెన్ను పక్కన పెట్టింది.

"ఇది పుట్టిన రోజే తెలియాల్సింది. ఇన్నాళ్లూ ఎవరూ చూడలేదా?"

తిట్టాల్సిన వాళ్ల జాబితా అంతా ఆమె నాలుక చివరే ఉంది. కానీ నోట్లోంచి వచ్చింది వేరే.

"నేను చూశానండి."

పెద్దాసుపత్రి సర్జన్ దాచకుండా చెప్పాడు. అప్పుడే తెచ్చుంటే ఒక్క ఆపరేషన్‌తో పోయేదేమో. ఇప్పుడు పేగు సాగిపోయింది, మూడు కావాలి. ముందు పొట్ట మీద దారి చేసి మలం పడేందుకు సంచి తగిలించడం, తర్వాత సరైన చోట కొత్త దారి చెయ్యడం, చివరికి సంచి తీసేయడం.

"వస్తున్నట్టు పాపకి తెలుస్తుందాండీ?" ఆమెకి కావాల్సింది ఆ ఒక్కటే.

"అది మాత్రం ఇప్పుడే చెప్పలేనమ్మా."

రెండో ఆపరేషన్ తర్వాత, కొత్త దారి మూసుకుపోకుండా రోజుకి రెండుసార్లు సన్నటి కడ్డీ పెట్టమన్నారు. పెట్టాల్సింది తల్లే. "వద్దమ్మా, ఇంక అల్లరి చెయ్యనమ్మా" అని పిల్ల కాళ్లా వేళ్లా పడేది. ఇదేదో శిక్ష అనుకుంది పాపం. అత్తగారు మొహం తిప్పుకుని పిల్ల కాళ్లు పట్టుకునేది. ఒకరోజు, "నువ్వప్పుడే గట్టిగా చెప్పుండాల్సింది" అంది. కోడలికి కడుపు మండిపోయింది. చేతిలో కడ్డీ ఉంది కాబట్టి ఊరుకుంది.

సంచి తీసేసిన తర్వాత తొమ్మిది రోజులు డైపర్లే. వచ్చేది పిల్లకి తెలియలేదు, అయ్యాక ఏడ్చేది, అంతే. పదో రోజు మధ్యాహ్నం గుమ్మంలో ఆడుకుంటున్నదల్లా ఆగి, పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"అమ్మా, వస్తోంది."

తల్లి ఎత్తుకుని పరుగెత్తింది. కూర్చోబెట్టి, అలవాటుగా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. అరుపు రాలేదు. నిమిషంలో అయిపోయింది. పిల్ల నమ్మలేనట్టు కిందకి వంగి చూసింది.

"ఇంతేనా? అందరికీ ఇలాగే వస్తుందా?"

"ఇలాగేనమ్మా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"