డ్యూటీ దిగని సిస్టరు

ఆమె అసలు పేరు హాజరు పట్టీలోనే ఉంటుంది. మూడో వార్డులో అందరికీ ఆమె "మరోసారి సిస్టరు". మందు సీసా మీద పేరు చదువుతుంది, మరోసారి చదువుతుంది. సెలైన్ చుక్కలు లెక్కపెడుతుంది, మరోసారి లెక్కపెడుతుంది. పదహారేళ్ల సర్వీసులో ఆమె చేతిమీదుగా ఒక్క పొరపాటు జరగలేదు. ఆ సంగతి ఆమెకు తప్ప అందరికీ తెలుసు.

గొడవంతా డ్యూటీ దిగాకే. మధ్యాహ్నం రెండింటికి రిపోర్టు పుస్తకంలో సంతకం పెట్టి బస్సెక్కుతుంది. కిటికీ పక్క సీటు దొరికిన సంతోషం మూడు స్టాపులు కూడా నిలవదు. నాలుగో బెడ్డు తాతకి షుగర్ చూశానా? చూశాను. రాశానా? అంతే, గుండె గుభేలుమంటుంది, ఫోను చేతిలోకొస్తుంది.

"రాశావే తల్లీ, రెండుచోట్ల రాశావు!" అంటుంది అవతల మధ్యాహ్నం డ్యూటీ సిస్టరు. ఆమెను లౌడుస్పీకరంటారు. ఆవిడ గుసగుసలాడితే గేటు దగ్గర వాచ్‌మన్‌కి వినిపిస్తుంది.

ఇంటికొచ్చాక ఇంకో రెండు ఫోన్లు. పొయ్యి మీద పాలు పొంగిపోతాయి.

"కాళ్లు ఇంటికొచ్చాయి సరే, తల ఎప్పుడొస్తుందటే?" అని అడుగుతుంది అత్తగారు.

"తర్వాతి బస్సుకొస్తుంది అత్తయ్యా."

ఆసుపత్రి వాళ్లు ఊరుకోలేదు పాపం, మనశ్శాంతి క్లాసు పెట్టించారు. మాస్టారు కళ్లు మూసుకుని ఊపిరి పీల్చమన్నాడు. మూడో ఊపిరికల్లా సగంమంది సిస్టర్లు గురక పెట్టారు. ఎంత లోతైన ధ్యానమో అని మాస్టారు మురిసిపోయాడు. మేలుకుని ఉన్నది మరోసారి సిస్టరు ఒక్కతే, కళ్లు మూసుకుని సెలైన్ చుక్కలు లెక్కపెడుతోంది.

తక్కినవాళ్లకి ఎవరి దారి వాళ్లకుంది. ఒకామె బాత్రూములో కుళాయి తిప్పి, ఏడ్చి, మొహం కడుక్కుని నవ్వుకుంటూ వస్తుంది. ఇంకొకామె దుప్పట్లు మడతపెడుతూ డాక్టర్లందర్నీ పేరుపేరునా తిడుతుంది. మడతలు మాత్రం చక్కగా వస్తాయి. మరోసారికి ఏడుపూ రాదు, తిట్టూ రాదు.

నిద్ర కరువైంది. ఒకరోజు సూది పట్టుకున్న చెయ్యి వణికింది. ఆ వణుకు చూసుకుని హడలిపోయి పెద్ద సిస్టరు దగ్గరికెళ్లింది. రికార్డు రూములో ఖాళీ ఉందటగా, అక్కడికి మార్చమంది.

"శనివారంలోగా ఖాయంగా చెప్పు. ఆ కుర్చీ కోసం ఇంకో ఇద్దరు కాచుక్కూర్చున్నారు," అంది పెద్ద సిస్టరు.

అక్కడన్నీ కాగితాలే. కాగితాలకి జ్వరం రాదు. ఆ మాట తలుచుకుని ఊరట పడింది. మరి నాలుగో బెడ్డు తాత ఆమె చేత్తో అయితేనే సూది పొడిపించుకుంటాడే, అని మళ్లీ వెనకాడింది.

గురువారం రెండింటికి లౌడుస్పీకరు వస్తూనే పుస్తకం టప్పున మూసేసింది.

"రికార్డు రూముకి చెక్కేస్తున్నావటగా? లే, పద."

"ఎక్కడికక్కా?"

"రోజూ నాకు పుస్తకం అప్పజెప్పి పోతున్నావు. మనుషుల్ని అప్పజెప్పావా ఎప్పుడైనా?"

రెక్క పట్టుకుని ఒకటో బెడ్డు దగ్గరికి లాక్కెళ్లింది. ఇద్దరూ కలిసి సెలైన్ చూశారు, కట్టు చూశారు, కేసు షీటు చూశారు. లౌడుస్పీకరు మంచం కమ్మీ మీద చెయ్యేసి "ఈయన నావాడు!" అంది. వార్డంతా అదిరింది. రెండో బెడ్డు. "ఈయనా నావాడే!"

ఆరో బెడ్డు మనిషి పెళ్లాం ఊరుకోలేదు. "మరి నేనేమైపోవాలి సిస్టరూ?"

"రాత్రి ఎనిమిదింటిదాకానేలేమ్మా! ఆ తర్వాత ఎవరొచ్చి అడిగినా ఇచ్చేస్తా."

కుట్లున్నవాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వారు. పన్నెండో బెడ్డు దాటాక లౌడుస్పీకరు చేతులు దులిపింది. "ఇక నీకెవరూ లేరు. పో."

బస్సులో మరోసారి సిస్టరు నిద్రపోయింది. తన స్టాపు దాటి రెండు స్టాపులు పోయాక దిగి, నడిచొచ్చింది. ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఏమే, ఫోను పాడైందా?" అంది అత్తగారు వంటింట్లోంచే, అనుమానంగా.

సరిగ్గా అప్పుడే మోగింది.

"మందుల బీరువా తాళంచెవి పట్టుకుపోయావే!" ఆ అరుపుకి అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "కంగారుపడకు, పెద్ద సిస్టరు దగ్గర ఇంకోటుందిలే. అయినా తెచ్చివ్వు."

జేబు తడిమితే చల్లగా తగిలింది. పదహారేళ్లలో మొదటి పొరపాటు. గుండె గుభేలుమంటుందేమోనని కాసేపు ఆగి చూసింది. నవ్వొచ్చింది.

తిరుగు బస్సెక్కి వెళ్లేసరికి పెద్ద సిస్టరు గుమ్మంలోనే నిలబడి ఉంది, మొహం గంటు పెట్టుకుని.

"నువ్వేనా ఇలా చేసింది? ఇక శనివారందాకా ఎందుకు, ఇప్పుడే తేల్చు. వెళ్తావా?"

మరోసారి సిస్టరు వార్డులోకి చూసింది. తాత చెయ్యూపాడు.

"వెళ్లను సిస్టర్. అక్కడ డ్యూటీ దిగేటప్పుడు ఈ కాగితాలు నావి అనేవాళ్లెవరుంటారు?"

లౌడుస్పీకరు మాటలు ఆవిడ చెవినా పడే ఉంటాయి. పడకుండా ఎలా ఉంటాయి! గంటు సడలింది. "అయితే రేపట్నుంచి అందరూ మంచాల దగ్గరే అప్పజెప్పుకోండి. తాళంచెవితో సహా."

ఫోన్లు పూర్తిగా మానేసిందంటే అబద్ధం. ఇప్పటికీ వారానికోసారి చేస్తుంది.

"మావాళ్ల సంగతి నీకెందుకమ్మా?" అని లౌడుస్పీకరు పెట్టేస్తుంది.