తడిసిన విత్తనం

ఆ ఏడు కుందూ పొంగి ఒడ్డు పల్లెలు మునిగితే, ఆళ్లగడ్డ వైపు నుంచి వచ్చిన కుటుంబాలను నంద్యాలలో ఒక పత్తి మిల్లు షెడ్డులో ఉంచారు. పత్రిక పని మీద నేను రోజూ అక్కడికి వెళ్లేవాణ్ణి.

ముసురు వదల్లేదు. షెడ్డులో కురవని చోటు నడుమ కొంచెమే ఉంది. పిల్లలను అక్కడ పడుకోబెట్టి ఉంటారనుకున్నాను. చూస్తే తడిసిన జొన్నలు పలచగా పరిచి ఉన్నాయి. ఒక రైతు కుటుంబం నెత్తిన మోసుకొచ్చిన విత్తనాలవి. ఊరందరికీ మిగిలిన విత్తనం అదే. పిల్లలు గోడల వెంబడి, పెద్దల ఒళ్లో ఒదిగి ఉన్నారు.

"గంజి చాలడం లేదంటున్నారు, వీటిని వండుకోవచ్చు కదా?" అని ఆ ఇంటి అవ్వను అడిగాను.

"ఇత్తనాలు తిని, యేడాదంతా మన్ను తినాల్నా నాయనా?" అంది.

అవి మొలవకపోతే ఆ ఏడు పంట లేదు. అందుకే మొలుస్తాయో లేదో చూడ్డానికి అవ్వ గుప్పెడు గింజలను తడిగుడ్డలో మూటగట్టి, వెచ్చదనం కోసం నడుమున దోపుకుంది.

"మొగున్ని గూడా ఇంత పదిలంగా చూసుకోల్యా గదవ్వా!" అంది పక్కింటి కోడలు.

"వాన్ని ఇత్తితే పండుతాడా ఏందే?"

మూట విప్పిన ఉదయం గంజి వచ్చినా ఎవరూ వరుసకు పోలేదు. అందరూ అవ్వ చుట్టూ మూగారు. గుడ్డలో గింజగింజకూ తెల్లటి మొలక.

"బతికినాయి" అంది అవ్వ.

"యా చేను ముందు ఆరుతాదప్పా?" అన్నాడు ఒకాయన.

గంజి చల్లారిపోతోంది. ఇళ్లు లేని ఆ మనుషులు ఎవరి చేను ముందు విత్తాలో మాట్లాడుకుంటున్నారు.