చింతగింజంత మచ్చ

పాసింజరు పసివేదల దాటి కొవ్వూరు అవుటరు సిగ్నలు దగ్గర ఆగిపోయింది. వంతెన మీద ఏదో పని జరుగుతోందట. ఆగిన రైలుకి ఒక గుణం ఉంది. కదులుతున్నంతసేపూ కిటికీల వంక తిరిగి కూర్చునే మనుషులు, ఆగేసరికి ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుంటారు. అలా చూసుకుంటున్న వేళ ఎదురు బల్ల మీదావిడ చేతిసంచి విప్పి, ప్లాస్టిక్ కవర్లోంచి ఒక ఫొటో తీసి నా చేతిలో పెట్టింది.

"కళ్లజోడు పెట్టుకుని చూడండి బాబుగారూ. ఇందులో ఉన్నది నేనేనా?"

మొగుడూ పెళ్లాల ఫొటో. ఇద్దరూ భుజాలు తగిలీ తగలకుండా కూర్చున్నారు. మగమనిషి చంకలో కర్ర ఉంది. ఆడమనిషి నల్లపూసలు పైకి కనబడేలా సర్దుకుంది. నేను ఫొటోనీ ఆవిడనీ మార్చి మార్చి చూశాను. ముక్కు తీరు అదే, నుదురూ అదే. చెవులు మాత్రం వేరు. ఫొటోలో మనిషి తమ్మెలు కిందికి వేలాడుతున్నాయి. ఎదురుగా ఉన్నావిడవి దవడకి అతుక్కుపోయి ఉన్నాయి.

"కాదమ్మా. మీ చెల్లెలా?" అన్నాను.

ఆవిడ ఫొటో లాక్కున్నంత పని చేసింది.

"పొద్దుట్నుంచి నలుగుర్నడిగానండి. ఇద్దరు అవునన్నారు. ఒకాయన కళ్లజోడు ఇంట్లో మర్చిపోయానన్నాడు. ఇంకొకాయన ఏ సినిమాలో వేశావమ్మా అన్నాడు. కాదన్నది మీరొక్కరే." కవరు మడిచి సంచిలో పెట్టుకుంది. "మీరు కాదన్నారంటే వాళ్లూ కాదంటారు."

వాళ్లంటే రైల్వే పింఛన్లు చూసేవాళ్లు. 2003 నవంబరు అది. పింఛను చిక్కులున్నవాళ్ల మొర వినడానికి ఆ రోజు రాజమండ్రి స్టేషన్లో కూర్చుంటారని చెప్పారట. ఆవిడ పేరు రత్నమాణిక్యం. నిడదవోలు సెక్షన్లో గ్యాంగుమన్‌గా చేసిన బుల్లియ్య భార్య. అతను పోయి రెండేళ్లయింది. పెళ్లానికి రావలసిన పింఛను ఒక్క నెలా రాలేదు. రైల్వే ఆసుపత్రిలో షుగరు మందులు కూడా ఆ కాగితంతోనే ముడిపడి ఉన్నాయి. రైసుమిల్లులో నూకలు చెరిగి బతుకుతోంది. ఈ మధ్య కాలి వేలికి పుండు పడి, మిల్లువాళ్లు రావద్దన్నారు.

గ్యాంగుమన్ అంటే పట్టాల పక్కన సుత్తీ గునపమూ పట్టుకుని నిలబడి, రైలు వెళ్లేదాకా మనవైపు చూసే మనిషి. మనం చెయ్యూపుతాం, అతను ఊపడు. అతని కళ్లు మన మొహాల మీద ఉండవు, చక్రాల కింద ఉంటాయి. నేను దేశంలో సగం రైళ్లెక్కి తిరిగాను కానీ, వాళ్లలో ఒక్కడి పేరు కూడా ఆ రోజుదాకా నాకు తెలియదు. బుల్లియ్య పేరే మొదటిది.

పదేళ్ల కిందట వ్యాగను మీంచి పట్టా దింపుతుంటే జారి అతని కుడికాలు నలిగింది. కాలు కుళ్లింది. జ్వరం తలకెక్కింది. డాక్టర్లు పెదవి విరిచారు.

"చినతిరుపతికి తలనీలాలు మొక్కానండి," అంది రత్నమాణిక్యం. "బతికాడు. కర్ర పొడుచుకుంటూ ఇంటికొచ్చాడు. నేను కొండకెళ్లి గుండు చేయించుకొచ్చాను. నన్ను చూసి పగలబడి నవ్వాడు మావ. నా తల అటూ ఇటూ తిప్పి చూసి, ఇన్నేళ్లూ నా దగ్గర దీన్ని దాచేశావేంటే అన్నాడు."

ఏం దాచిందో నేనడగలేదు. ఆవిడ ఆగకుండా చెబుతోంది. ఏ ఉద్యోగానికీ పనికిరాడని డాక్టర్లు రాసేశారు. వయసు తీరకుండానే పింఛనిచ్చి పంపేస్తామన్నారు. కాగితాలు రాసే ఆయన వచ్చి, మొగుడూ పెళ్లాం కలిసున్న ఫొటో మర్నాటికల్లా కావాలన్నాడు.

మా చిన్నప్పుడు ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తరుగుతుందని భయపడేవారు. కలవాళ్లకి తొందరగానే ఆ భయం పోయింది. లేనివాళ్లకి సర్కారు పోగొట్టింది. పాతికేళ్లు ఒక కంచంలో తిన్నా చాలదు, పక్కపక్కన కూర్చుని ఒకసారి కెమెరా వంక చూస్తేనే మొగుడూ పెళ్లాలు.

"స్టూడియో ఆయన నా గుండు చూసి, పక్కన మొగుణ్ణి పెట్టుకుని ఇలా తీస్తే విధవలా పడతావమ్మా, ఆయనకి అరిష్టం అన్నాడండి. మావ మొహం మాడిపోయింది. చావు తప్పించుకొచ్చిన మనిషి కదా. నా చెల్లి పాపాయి తోడొచ్చింది. నువ్వు కూర్చోవే అన్నాడు మావ దాన్ని. నా చీర దానికి కట్టాను. నా నల్లపూసలు తీసి దాని మెళ్లో వేశాను. చీర నాది, పూసలు నావి, మొగుడు నావాడు. మొహం ఒక్కటే నాది కాదు."

"వేలిముద్ర?"

"అదీ దానిదే. ఫొటో దానిదైతే వేలు నాదెలా అవుద్దండీ?"

"మరి పాపాయి వచ్చి ఉన్నమాట చెప్పొచ్చు కదా."

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. పట్టాల పక్క కంకరలో ఒక మేక నడుస్తోంది.

"అడగడానికి వెళ్లానండి. దాని మొగుడు చంద్రరావుకి ఫొటో సంగతి అప్పటిదాకా తెలీదు. నేనే వెళ్లి చెప్పినట్టయింది. బావ పక్కన పెళ్లాంలా కూర్చున్నానని నా పెళ్లాం సర్కారు కాగితం మీద వేలేస్తుందా, ఆ మాటతో నేను వీధిలో తలెత్తుకు తిరగాలా అన్నాడు. నేనిటు రాగానే దాన్ని కొట్టాడు. పెదవికి మూడు కుట్లు పడ్డాయి. అక్కా, నీ కాళ్లు మొక్కుతాను, ఎక్కడా నా పేరెత్తకు అంది. అందుకనండి... ఫొటోలో ఉన్నది నేనే, వయసొచ్చి ఇలా అయిపోయాను అందామనుకున్నాను."

రైలు కదిలింది. వంతెన మోతలో ఇంక మాటలు వినబడలేదు. ఆ రోజు నాకు రాజమండ్రిలో పనేమీ లేదు, ఏ ఊళ్లోనూ ఉండదు. స్టేషన్లో దిగి ఆవిడ సంచి పట్టుకుని వెంట వెళ్లాను.

గదిలో రెండు బల్లలున్నాయి. ఒకదాని వెనక ఇన్‌స్పెక్టరు గున్నేశ్వరరావు గారు, పక్కన గుమాస్తా పెద్దిరాజు. బెంచీల మీద కర్రలు, చేతికట్లు, మందు సీసాలు పట్టుకున్న ముసలివాళ్లు. ఒకాయన తన పుట్టినతేదీ ఎవరు మార్చారో చెప్పమని గోడ మీది క్యాలెండరుని అడుగుతున్నాడు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

"ఈ ఫొటోలో ఉన్నది మీరేనామ్మా?"

"నేనేనండి. పదేళ్లయింది కదండీ, మారిపోయాను."

గున్నేశ్వరరావు గారు ఫొటో చూశాడు, ఆవిణ్ణి చూశాడు.

"మొహం మారుతుందమ్మా. చెవులు మారవు."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దిరాజు అప్పటికే ఆవిడ వేలు సిరాలో అద్ది కాగితం మీద వేయించాడు.

"వేలూ కలవలేదండి," అన్నాడు. "ఇది రెండు పెళ్లాల కేసు. ఫొటోలోది ఒకావిడ, గుమ్మంలోది ఇంకొకావిడ. కోర్టుకి పొమ్మనండి, భోజనానికి పోదాం."

"ఒక్కతే అండి ఆయనకి," అంది రత్నమాణిక్యం. గొంతు పెంచలేదు. "అది నేనే. ఫొటోనాటికి నాకు గుండు. అరిష్టమని ఇంకో మనిషిని కూర్చోబెట్టాం."

"ఎవర్ని?"

ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. గున్నేశ్వరరావు గారు రెండోసారి అడగలేదు, ఫైలు వెనక్కి తిప్పాడు. అడుగున, అంచులు పసుపెక్కిన కాగితం ఒకటి ఉంది. ఆనవాళ్ల కాగితం. పాతకాలపు కథల్లో తప్పిపోయిన రాకుమారుల్ని ఉంగరంతోనో మచ్చతోనో పోల్చుకునేవారు. రాజ్యాలు పోయాయి కానీ ఆ పద్ధతి మాత్రం ప్రభుత్వ కాగితాల్లో బతికే ఉంది.

"భార్య ఆనవాళ్లు. ఒకటి, ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ."

ఆవిడ చెయ్యి చాపింది. మచ్చ ఉంది.

"పొయ్యి దగ్గర నిలబడ్డ ప్రతి ఆడమనిషికీ ఉంటుందండి అది," అన్నాడు పెద్దిరాజు. "మా ఆవిడకి రెండు చేతులకీ ఉన్నాయి. ఆవిడక్కూడా ఇచ్చేస్తామా పింఛను?"

"రెండు..." గున్నేశ్వరరావు గారు కాగితం కళ్లకి దగ్గరగా తీసుకున్నాడు. "తల వెనక, కుడిచెవికి పైన, జుట్టు లోపల, చింతగింజంత నల్లమచ్చ."

ఆనవాళ్లు చెప్పమన్నప్పుడు బుల్లియ్య తన పక్కన కూర్చున్న మనిషి వంక చూడలేదన్నమాట. ఇంట్లో ఉన్న మనిషివి చెప్పాడు. రాసుకున్నవాడు ముడి విప్పి చూడలేదు.

రత్నమాణిక్యం చెయ్యి చెవి మీదికి వెళ్లింది. వేళ్లతో తడుముకుంది, పాయలు తీసి తల వంచింది. నూనె పెట్టి బిగించిన జుట్టు. గున్నేశ్వరరావు గారు లేచి, చేతులు వెనక్కి కట్టుకునే, వంగి చూశాడు.

"నీడో మచ్చో తెలియడం లేదమ్మా. చూశానని నేను సంతకం పెట్టాలి."

ఆవిడ జుట్టు ముడేసుకుంది.

"ఎన్నింటిదాకా ఉంటారండీ?"

"అయిదింటిదాకా."

ఆటో పిలిచి రేవుకి పొమ్మంది. కోటిలింగాల రేవులో మంగలి కత్తికి కొత్త బ్లేడు వేస్తూ అడిగాడు.

"మొక్కాండీ, ఎవరైనా పోయారా?"

"పింఛనుకి."

అతను నవ్వబోయి, ఆవిడ మొహం చూసి మానేశాడు. నీళ్లు చల్లి తల తడిపాడు. నెరిసిన జుట్టు మెట్టు మీద పడుతోంది, గాలికి దొర్లి నీళ్లలోకి పోతోంది. నేను అవతల మెట్టు మీద నిలబడి గోదావరి వంక చూస్తున్నాను. ఆ వేళ నదిలో చూడవలసిందేమీ లేదు.

"బాబుగారూ."

వెళ్లాను. నాకు వీపు చేసి కూర్చుని ఉంది. తడి గుండు ఎండలో మెరుస్తోంది.

"ఉందాండీ?"

పొద్దున్న అడిగిన ప్రశ్నే ఇది. ఆ మచ్చ ఆవిడ ఎన్నడూ చూసుకోలేదు. లోకంలో చూసి చెప్పినవాడు ఒక్కడే, వాడు లేడు.

"ఉందమ్మా."

"ఎంతుంది?"

"చింతగింజంత."

తల ఊపింది. మంగలి డబ్బు తీసుకోనన్నాడు, కానీ ఆవిడ మెట్టు మీద పెట్టేసి లేచింది.

మేం తిరిగి వెళ్లేసరికి నాలుగు. గుమ్మంలో ఆవిణ్ణి చూసి గున్నేశ్వరరావు గారు లేచి నిలబడ్డాడు. బెంచీల మీది ముసలాళ్లు మాటలాపారు. ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి వెనక్కి తిరిగింది. ఆయన చూశాడు, స్కేలు పెట్టి కొలిచాడు, కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. పెద్దిరాజు కిటికీలోంచి ప్లాట్‌ఫారం చూస్తున్నాడు.

రాస్తూ రాస్తూ ఆయన కలం ఆపాడు.

"ఆనవాళ్లు సరిపోయాయి. మరి ఫొటోలో ఉన్నదెవరో రాయాలమ్మా. అది రాయకపోతే పైవాళ్లు కాగితం తిప్పి పంపేస్తారు. పేరు చెప్పండి, ఊరు చెప్పండి. పిలిపించి సాక్ష్యం తీసుకుంటాం."

ఆవిడ నా వంక చూసింది. ఒక్క క్షణమే.

"తెలీదండి."

"తెలీకుండా ఎలాగమ్మా? కూర్చోబెట్టాం అన్నారు కదా ఇందాక."

"ఆయన తెచ్చిన మనిషి. ఎవరో నాకు తెలీదు. అలాగే రాయండి."

"నేననలా?" అన్నాడు పెద్దిరాజు మెల్లగా. "బుల్లియ్య ఘటికుడే."

గున్నేశ్వరరావు గారు అతన్ని చూపుతోనే ఆపి, ఆవిడతో అన్నాడు. "అలా రాస్తే మీ ఆయన పేరు చెడుతుంది. ఫైల్లో ఉండిపోతుంది."

"పోయినోణ్ణెవరూ కొట్టరు కదండీ," అంది.

ఆయన ఏదో అర్థమైనవాడిలా నా వైపు తిరిగాడు. "మీరు వెంట వచ్చారు. మీకేమైనా తెలుసాండీ?"

"తెలీదు," అన్నాను. పొద్దున్న అక్కర్లేని చోట నిజం చెప్పిన నోటితోనే అన్నాను.

ఆయన రాశాడు. చదివి వినిపించాడు. ఫొటోలో తన పక్కన గుర్తు తెలియని స్త్రీని కూర్చోబెట్టి బుల్లియ్య తప్పుడు సమాచారం ఇచ్చాడనీ, ఈ రత్నమాణిక్యమే అతని భార్య అనడానికి ఆనవాళ్లు స్వయంగా చూశాననీ. ఆవిడ కింద వేలేసింది. ఈసారి తన వేలే.

"కొత్త ఫొటో ఒకటి కావాలి. ఒక్కరే. ఎదురుగా స్టూడియో ఉంది, అరగంటలో ఇస్తాడు."

"కొంగు కప్పుకోవచ్చాండీ?"

"చెవులు కనబడాలమ్మా," అన్నాడాయన తల దించుకుని.

వెళ్లి తీయించుకొచ్చింది. మూడు కాపీలు. మొగుడి పక్కన ఎలా పడకూడదని పదేళ్ల కిందట తప్పించారో, అచ్చం అలాగే పడింది. ఆయన దాన్ని పాత ఫొటో పక్కన గుచ్చి, ఫైలు తాడు కట్టాడు.

"నేను రాయగలిగింది రాశాను. పైన ఒప్పుకుంటే వస్తుంది. లేకపోతే కోర్టే."

"ఎన్నాళ్లు పడుద్దండీ?"

"మూడు నెలలు పట్టచ్చు. ఆరు నెలలూ పట్టచ్చు."

నేను బయట బెంచీ మీద ఆవిడ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గోదావరి జిల్లాల్లో ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా 'వస్తానండి' అనకుండా లేవరు. ఆవిడ బయటికి వచ్చింది. గూట్లోంచి తీసుకున్నట్టు నా ఒళ్లోంచి సంచి తీసుకుంది. బుల్లియ్య మీద ఆవిడ వేసిన మాట అబద్ధమని తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. నా మొహం చూడలేదు.

ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, వాలు దిగి, పట్టాల మధ్య దారి పట్టింది. తల మీద కొంగు లేదు. పుండున్న కాలు కొంచెం ఈడుస్తూనే, పట్టాల కింది స్లీపరు దిమ్మ మీంచి దిమ్మ మీదికి, రైల్వేవాళ్లు వేసే అడుగు వేసుకుంటూ పోతోంది. మచ్చ కొంతదూరం కనబడింది.