‘తెలుస్తోంది’ కింద వేలు

ఆ బడిలో ఆమెకు వేలు టీచరమ్మ అని పేరు. పేపర్లో వార్త చదివించేటప్పుడు పిల్లలు ఏ మాట అన్నా ఒకటే అడిగేది: “దానికి ఆధారం ఏ వాక్యంలో ఉంది? వేలు పెట్టి చూపించు.” కథ అయితే మాత్రం వేలు వద్దనేది. “కథ తన మనసులో మాట ఒకచోట చెప్పదు. మళ్ళీ మళ్ళీ ఏది వస్తోందో చూడండి. అదే దాని సారం.”

“ఆవిడ వేలు పెట్టని చోటు లేదు” అని డ్రాయింగు మాస్టారు స్టాఫ్ రూములో నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది. తమ్ముడు పోయేదాకా.

తమ్ముడు బస్సు డ్రైవరు. డిపోలో అందరూ ‘నిదానం’ అని పిలిచేవారు. ఒక వాన పొద్దున అతని బస్సు వంతెన గోడను గుద్దుకుంది. అందరూ గాయాలతో బయటపడ్డారు, అతను తప్ప. మర్నాడు పేపర్లో వేశారు: ‘డ్రైవరు అతివేగమే ప్రమాదానికి కారణమని తెలుస్తోంది.’

కూరగాయల బండి దగ్గర ఎవరో “అంత తొందరేమొచ్చిందో” అన్నారని, అమ్మ సంచి అక్కడే వదిలేసి వచ్చేసింది. మళ్ళీ గుమ్మం దాటలేదు.

“వాడికి తొందరేమిటే,” అంది కూతురితో. “బడికి పోతూ చీమల బారు దాటేదాకా ఆగేవాడు. ఉద్యోగం ఇంటర్వ్యూకి పోతూ ఎవరిదో సైకిలు గొలుసు ఊడిందని ఆగాడు. ఆ నల్లచేతులతోనే వెళ్ళాడు వెధవ. కుట్టుమిషను మోసుకుంటూ ఒక ముసలావిడ రోడ్డు దాటేదాకా బస్సు ఆపితే, వెనక ఒకటే హారన్లట.”

టీచరమ్మ పేపరు పట్టుకుని ఆ ఆఫీసుకే వెళ్ళింది. వార్త రాసిన కుర్రవిలేకరి కుర్చీ వేశాడు.

“బాబూ, అతివేగమని దేన్నిబట్టి రాశారు? వేలు పెట్టి చూపించు.”

అతను వార్తంతా చదివాడు. వేలు ఎక్కడా నిలవలేదు. “తెలుస్తోంది అనే రాశాం కదా మేడమ్.”

“ఎవరికి తెలుస్తోంది?” ఆమె వేలు ఆ మాట కిందే ఉంది.

“అక్కడ అనుకున్నారు.” అతని గొంతు తగ్గింది. “వేగంగా నడపలేదని మీ దగ్గర ఏదైనా ఆధారం ఉంటే చెప్పండి. రేపే వేస్తాను.”

ఆమె నోరు తెరిచింది. చీమలు, గొలుసు, ముసలావిడ, అన్నీ గొంతుదాకా వచ్చాయి. అన్నిటిలోనూ తమ్ముడు ఆగుతూనే ఉన్నాడు. కానీ ఆ పొద్దున, ఆ తడి వంతెన మీద ఏం జరిగిందో వాటిలో ఏదీ చెప్పదు. ఏ పిల్లాడైనా ఈ జవాబు రాస్తే తనే ఎర్రసిరాతో కొట్టేసేది. ఇది కథకు సారం. వార్తకు ఆధారం కాదు.

పేపరు మడిచి లేచింది.

“ఏమన్నారే? మారుస్తారా?” గుమ్మంలోనే అడిగింది అమ్మ.

“వాడి గురించి ఇంకోటి చెప్పమ్మా.”

అమ్మకు అర్థమైంది. గుమ్మం మీదే కూర్చుంది. “ఒకసారి ఇలాగే వాన. డిపో గేటులో కుక్కపిల్ల పడుకుని ఉందట. వీడు ఆగాడు…”

‘ఆగాడు’ అన్న మాట కింద పెట్టడానికి టీచరమ్మ వేలు చాచింది. కింద కాగితం లేదు.