పైవాళ్ళ నీళ్ళు

ఏలూరులో మేం అద్దెకుంటున్న ఇంట్లో పడకగది గోడకు చెమ్మ ఎక్కడం వానాకాలం చివర్లో మొదలైంది. మొదట అరచేతంత మరక. దీపావళి వెళ్ళేసరికి మంచం ఎత్తు దాకా పాకింది. సున్నం పెచ్చులుగా రాలి పక్క మీద పడేది. అలమరలో చీరలకి బూజు పట్టింది. ధనుర్మాసం చలిలో ఆ గది గచ్చు మీద కాలు పెడితే జివ్వుమనేది. తాడేపల్లిగూడెంలో మావారికి బట్టల కొట్టుంది. అక్కడి నుంచి ఒక చిన్న రూమ్ హీటర్ తెచ్చారు. అది వెలిగినంతసేపూ గోడ ఆరినట్టే ఉండేది. ఆపగానే మళ్ళీ చెమర్చేది.

రెండో తరగతి చదివే మా పాపకి దగ్గు పట్టుకుంది. డాక్టరుగారు చూసి, "ఛాతీలో నెమ్ము చేరిందమ్మా. పాపని ఆ గదిలో పడుకోబెట్టకండి" అన్నారు. ఆ రోజు నాకు ఎవరో ఒకరి మీద కోపం రావాలి. పైవాటాలో వాళ్ళున్నారు.

కొల్లేరు వైపు పల్లె నుంచి వచ్చిన కుటుంబం అది. అతను చేపల చెరువుల దగ్గర పని చేస్తాడు. అతని తండ్రికి పక్షవాతం వస్తే, ఆసుపత్రికి దగ్గరగా ఉంటుందని ఏలూరు వచ్చారు. పెద్దాయన మంచం దిగలేరు. అతని భార్య రోజంతా ఏదో ఒకటి ఉతుకుతూనే ఉండేది. నా నెత్తి మీద ఎప్పుడూ నీళ్ళ చప్పుడే.

పైకి వెళ్ళి అడిగేశాను.

"ఏవండీ, మీ బాత్రూం నీళ్ళు మా గోడలోకి దిగుతున్నాయండి. మా పాపకి జబ్బు చేసింది."

తడి చేతులు పమిటకి తుడుచుకుంటూ ఆవిడ కంగారుపడిపోయింది. "అయ్యో, అలాగా అండీ! మావయ్యగారి పక్కబట్టలు రోజూ ఉతక్క తప్పదండి. రేపట్నుంచి కింద కుళాయి దగ్గరే ఉతుక్కుంటాను."

అన్నట్టే మర్నాటి నుంచి ఆ బట్టలన్నీ బకెట్లలో మోసుకుంటూ మెట్లు దిగేది. గోడ మాత్రం ఆరలేదు. అప్పుడైనా నాకు అనుమానం రాలేదు. ఇంటిగలాయనకి ఫోన్ చేసి, వాళ్ళుంటే మేం ఉండలేమన్నాను. ఆయన నాన్చుతుంటే, "నీళ్ళే కాదండీ, చేపల కంపు కూడా" అన్నాను. ఆయనా మావాళ్ళే. నీచు ముట్టరు. ఆ మాట పని చేస్తుందని తెలిసే అన్నాను. నిజానికి ఆ ఇంట్లోంచి ఏ వాసనా వచ్చేది కాదు.

నెలాఖరుకి వాళ్ళు ఖాళీ చేశారు. పెద్దాయనని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మగవాళ్ళు దించారు. మెట్ల మలుపులో ఆయన చచ్చుబడ్డ కాలు గోడకి కొట్టుకుంది. నేను కర్టెన్ వెనకనుంచి చూస్తున్నాను. ఆవిడ మా గుమ్మం దగ్గరికొచ్చి, "వెళ్ళొస్తామండి. పాపకి తగ్గిందా?" అంది.

"తగ్గుతోందండి" అన్నాను, తలుపు పూర్తిగా తియ్యకుండానే.

పైవాటా ఖాళీగా ఉన్న ఆ నెలలో గోడ ఇంకా ఎక్కువ తడిసింది. చివరికి ప్లంబర్ వచ్చి, గోడ పగలగొట్టి నన్ను పిలిచాడు.

"పైవాళ్ళ నీళ్ళు కాదండి. మీ షెల్ఫ్ స్క్రూ ఉంది చూశారా, లోపలున్న మీ కుళాయి పైపులోకి దిగిపోయింది."

పాప పుస్తకాల కోసమని ఆ షెల్ఫ్ వానాకాలంలో నేనే పట్టుబట్టి కొట్టించాను.

గంటలో పని అయిపోయింది. శివరాత్రికల్లా గోడ ఆరింది, పాప దగ్గూ పోయింది. ఇంటిగలాయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. "పోనీలెండి. పైకి వేరేవాళ్ళు వస్తున్నారుగా" అన్నారు. మావారు కూడా, "మనకి తెలిసి చేశామా? వదిలెయ్" అన్నారు. నీళ్ళ సంగతి తెలియక చేసిందే. చేపల మాట అలా కాదు.

వాళ్ళు పెదపాడు దగ్గర ఉంటున్నారని పాలవాడి వల్ల తెలిసి, ఒక ఆదివారం వెళ్ళాను. రేకుల ఇల్లు. వరండాలో మంచం మీద పెద్దాయన పడుకుని ఉన్నారు. ఆసుపత్రి దూరమైపోవడంతో చేతికి కసరత్తు ఇప్పుడు వారానికొక్కసారేనట. నేను నిలబడే స్క్రూ సంగతి చెప్పేశాను.

ఆవిడ వంగి మావగారి దుప్పటి సరిచేసింది. తరవాత, "నా వల్లే పాపకి జబ్బు చేసిందనుకున్నానండి ఇన్నాళ్ళూ. రోజూ దీపం పెట్టేటప్పుడు తనకి తగ్గాలని దణ్ణం పెట్టుకునేదాన్ని" అంది.

చేపల మాట కూడా చెప్పాలనే వెళ్ళాను. ఇంటిగలాయన వాళ్ళకది చెప్పలేదని ఆవిడ మాటల్ని బట్టి అర్థమైంది. ఆ మాట ఎత్తకుండానే ఆవిడిచ్చిన టీ తాగేసి లేచాను.

చేపల లారీలు కార్చిన నీళ్ళతో రోడ్డంతా జారుడుగా ఉంది. "చూసుకుని నడవండి" అంటూ ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆటో దాకా నడిపించింది.