సగం ఇన్సులిన్ ఎవరి సంచిలో

సూట్‌కేసు సర్దడంలో నాకు మా ఊళ్ళో, అంటే చికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో, కొంచెం పేరుంది. ఇండియా వెళ్ళేవాళ్ళు చివరి రోజున పెట్టె మూతపడక నన్ను పిలుస్తారు. తూకం వేసే కొక్కెం నా దగ్గర ఉంది కానీ దాని అవసరం పెద్దగా పడదు. పెట్టెను ఒక్కసారి ఎత్తి చూసి, ఇరవై మూడు కిలోలకు ఎంత తగ్గిందో ఎంత మించిందో చెప్పేస్తాను. ఖాళీ అంటే నాకు గిట్టదు. బూట్లలో సాక్సులు, సాక్సుల్లో చాక్లెట్లు, ఆవకాయ సీసాకు మూడు ప్లాస్టిక్ కవర్లు, ఆపైన టేపు. ఇరవై ఏళ్ళలో నేను సర్దిన పెట్టెలోంచి ఒక్క చుక్క నూనె కారలేదు. ఈ విషయంలో నాకు వినయం లేదు.

అందుకే మా అమ్మాయి సఫారీకి టాంజానియా వెళ్తున్నానని చెప్పినప్పుడు, ఎందుకు, ఎవరితో అని కాకుండా పెట్టెలు ఎన్ని అని అడిగాను.

"ఒక్క బ్యాగ్ నాన్నా. సాఫ్ట్ బ్యాగ్, చక్రాలు కూడా ఉండకూడదు. ఫిఫ్టీన్ కిలోస్, హ్యాండ్ లగేజీతో కలిపి," అంది.

పదిహేను కిలోలంటే నా లెక్కలో పెట్టె కాదు, పెట్టెలో ఒక మూల. సఫారీ వాళ్ళు పంపిన లిస్టు తెప్పించుకుని చదివాను. అడవిలోకి తీసుకెళ్ళేది బుల్లి విమానం, అందులో గట్టి పెట్టె పట్టదట. నలుపు, ముదురు నీలం బట్టలు వద్దు, ఆ రంగులకు ఒక రకం ఈగలు వచ్చి కుడతాయి. తెలుపు వద్దు, దుమ్ము. అన్నిటికంటే ముఖ్యంగా ప్లాస్టిక్ కవర్లు వద్దు, ఆ దేశంలో నిషేధం. నా విద్య అంతా ప్లాస్టిక్ కవర్ల మీదే నిలబడింది. ఆ లైను చదివి కుర్చీలో కూలబడ్డాను. ఇక మీరు రిటైరైపోవచ్చు అని మా ఆవిడ నవ్వింది.

నవ్వడానికి ఆవిడకు ధైర్యం ఉంది, నాకు లేదు. మా అమ్మాయికి తొమ్మిదో ఏట టైప్ వన్ డయాబెటిస్ అని తేలింది. ఇది తిండి తగ్గిస్తే పోయేది కాదు, మాత్రలకు లొంగేది కాదు. ఇన్సులిన్ లేకుండా రోజు గడవదు. మోతాదు తక్కువైతే ఒక ప్రమాదం, ఎక్కువైతే షుగర్ పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం. ఆ మందు కూడా మహా సుకుమారం. ఎండ తగిలితే పాడవుతుంది, గడ్డకట్టినా పాడవుతుంది. అందుకని విమానంలో కింద వేసే పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే ఉండాలి.

తేలిన కొత్తలోనే నేనొక నియమం పెట్టాను. ఎక్కడికి వెళ్ళినా కావలసినదానికి రెండింతల ఇన్సులిన్ తీసుకెళ్ళాలి. సగం తన సంచిలో, సగం నా సంచిలో. ఒక సంచి పోయినా రెండోది ఉంటుంది. హైదరాబాద్‌కైనా, ఫ్లోరిడాకైనా, చివరికి పక్క ఊరు అరోరాలో గుడికైనా అంతే. మావాళ్ళ పెళ్ళి ఫోటోల్లో నా లాల్చీ జేబు ఒకవైపు ఉబ్బి కనిపిస్తుంది. అది డబ్బనుకుని కొందరు వేళాకోళం చేసేవారు. ఇన్సులిన్ పెన్ను అని చెప్పడం ఇష్టంలేక నేనూ నవ్వి ఊరుకునేవాణ్ణి.

తర్వాత చేతికి అంటించుకునే సెన్సర్ వచ్చింది. ఐదు నిమిషాలకోసారి షుగర్ ఎంతుందో తన ఫోన్‌లోనూ, నా ఫోన్‌లోనూ కనిపించేది. కాలేజీకి వెళ్ళాక కూడా చూస్తూనే ఉన్నాను. అంకె డెబ్భై దాటి కిందికి దిగిందంటే ఫోన్ కొట్టేవాణ్ణి, క్లాసులో ఉన్నా సరే, పరీక్షలో ఉన్నా సరే. ఒకసారి ఎత్తలేదని హాస్టల్ ఆఫీసుకే చేశాను. వాళ్ళు పరిగెత్తుకెళ్ళి తలుపు బాదితే అది తీరిగ్గా స్నానం చేస్తోంది. ఇరవై ఒకటో పుట్టినరోజు నాడు ఆ అంకెలు నా ఫోన్‌కు రాకుండా ఆపేసింది. నేను నెల రోజులు మూతి ముడుచుకుని తిరిగాను. దానివల్ల ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు.

ఇప్పుడు దానికి ఇరవై నాలుగు. చికాగో డౌన్‌టౌన్‌లో ఉద్యోగం, అక్కడే అపార్ట్‌మెంట్‌లో ఒక స్నేహితురాలితో కలిసి ఉంటుంది. ఆ అమ్మాయిది వర్జీనియాలోని ఆష్‌బర్న్, అక్కడే పుట్టింది. తల్లిదండ్రులు తెలుగువాళ్ళే కాబట్టి అమెరికా యాసతోనైనా తెలుగు మాట్లాడుతుంది. సఫారీకి వెళ్ళేది వీళ్ళిద్దరే. మంగళవారం విమానమైతే, సర్దుకోవడానికని ఆదివారం పొద్దున్నే ట్రైన్‌లో మా ఇంటికి వచ్చారు. మా ఆవిడ హాస్పిటల్ ఫార్మసీలో డ్యూటీకి వెళ్ళింది. ఇంట్లో మేము ముగ్గురమే.

హాల్లో కార్పెట్ మీద సంచి తెరిచి పెట్టారు. నేను ఒకటి పెట్టడం, మా అమ్మాయి దాన్ని తీయడం, ఇదే పని. కందిపొడి పెట్టాను, తీసేసింది. జ్యూస్ డబ్బాలు పన్నెండు పెడితే పది బయటికి వచ్చాయి. గొడుగు, రెండో దుప్పటి, నా టార్చిలైటు అన్నీ అదే దారి పట్టాయి. కరెంటు సంగతేమిటన్నాను. క్యాంప్ వాళ్ళకి ఈమెయిల్ చేశానంది, వంటగుడారంలో ఫ్రిజ్ ఉందట. ఆ ఫ్రిజ్ ఆగిపోతే అన్నాను. నీళ్ళలో ముంచితే చల్లబడే పౌచ్ తీసి చూపించింది. డాక్టర్ ఉత్తరమన్నాను, మూడు కాపీలు చూపించింది. నేను అడగబోయే ప్రతిదానికీ దాని దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. సంతోషించాల్సింది పోయి నాకు ఒళ్ళు మండింది. భయంగా ఉందని చెప్పడం చేతకాక జ్యూస్ డబ్బాల గురించి పోట్లాడుతున్నానని నాకూ తెలుసు, దానికీ తెలుసు.

చివరికి ఇన్సులిన్ దగ్గరికి వచ్చాం. ఆ పని నాకే వదిలేసింది. డైనింగ్ టేబుల్ మీద పెన్నులు, సూదులు, సెన్సర్లు, షుగర్ చూసే స్ట్రిప్పులు అన్నీ పరిచి రెండు కుప్పలు చేశాను. ఒకదాన్ని చల్లటి పౌచ్‌లో పెట్టి మా అమ్మాయి సంచిలో సర్దాను. రెండోది తీసుకెళ్ళి, కుర్చీకి తగిలించి ఉన్న నా ఆఫీసు బ్యాగులో పెట్టి జిప్పు లాగాను.

ఇద్దరూ నావైపే చూస్తున్నారు.

"నాన్నా," అంది మా అమ్మాయి, మెల్లగా. "నువ్వు రావట్లేదు."

పదిహేనేళ్ళుగా చేసిన పని, చేతులు వాటంతటవే చేసేశాయి. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. జిప్పు మళ్ళీ తీసి ఆ కుప్ప చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఎక్కడ పెట్టాలో తోచలేదు.

అది నా బ్యాగ్‌లోకి అంకుల్, అని ఆ స్నేహితురాలు చెయ్యి చాపింది. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. ఆ అమ్మాయి మీద నాకు కోపమేమీ లేదు, చక్కని పిల్ల. కానీ కాఫీ కప్పు ఎక్కడ పెట్టిందో మర్చిపోయి అప్పటికే రెండుసార్లు ఇల్లంతా వెతికింది. ముందు కూర్చోమ్మా, నీకొకటి నేర్పాలి అన్నాను. షుగర్ బాగా పడిపోయి స్పృహ తప్పినప్పుడు ముక్కులో కొట్టే మందు ఒకటుంటుంది. గడువు దాటిన డబ్బా దాచి ఉంచాను, దాన్ని తెచ్చి పాఠం మొదలుపెట్టాను. నాన్నా వద్దు అని మా అమ్మాయి అంటున్నా వినలేదు. మూత ఇలా తీయాలి, ముందుగా నొక్కి చూడకూడదు, ఒక్కటే మోతాదు ఉంటుంది, ముక్కులో పెట్టి చివరిదాకా నొక్కాలి, వెంటనే ఫోన్ చేసి సాయం పిలవాలి. వాటంగా చెప్పాననే అనుకున్నాను.

ఆ అమ్మాయి ఓపికగా విని, "పక్కకి తిప్పాలి అంకుల్," అంది. "వామిట్ చేస్తే గొంతులో అడ్డం పడకుండా. మీరు అది చెప్పలేదు."

నిజమే, మర్చిపోయాను. వీడియో చూశావా అని అడిగాను.

"లేదు అంకుల్. చేశాను."

మా అమ్మాయి సంచి పక్కన నేలమీద కూర్చుని కళ్ళు మూసుకుంది. ఆ పిల్ల దానివైపు ఒకసారి చూసి, ఇక చెప్పక తప్పదన్నట్టు చెప్పింది. కిందటి ఏడాది చలికాలం, ఒక మంగళవారం పొద్దున. పక్కగదిలో సెన్సర్ అలారం మోగుతూనే ఉందట. వెళ్ళి చూస్తే మా అమ్మాయి ఒళ్ళంతా చెమట, పిలిస్తే పలకలేదట. ముక్కులో మందు కొట్టి, పక్కకి తిప్పి, 911కి ఫోన్ చేసి అంబులెన్స్ పిలిచిందట. వాళ్ళు వచ్చేసరికి కళ్ళు తెరిచింది. మధ్యాహ్నానికి హాస్పిటల్ నుంచి పంపేశారు. చికాగో మా ఇంటికి గంట ప్రయాణం.

చెప్పాలనిపించలేదా అని మా అమ్మాయిని అడిగాను. గొంతు పెద్దదైంది.

"చెప్తే నన్ను ఇంటికి తెచ్చేసేవాడివి," అంది.

కాదనలేకపోయాను. ఆ రోజే తెచ్చేసేవాణ్ణి. అపార్ట్‌మెంట్ ఖాళీ చేయించి, వీలైతే ఉద్యోగం కూడా మాన్పించి, పైగదిలో పెట్టి, తలుపు దగ్గర కూర్చునేవాణ్ణి. దాని మంచికే అని నమ్మేవాణ్ణి కూడా.

మరి నువ్వైనా నాకొక ఫోన్ చేయాల్సింది కదమ్మా అన్నాను, ఆ స్నేహితురాలితో. ఎవరో ఒకరి మీద తప్పు పెట్టాలి కదా.

ఆ అమ్మాయి నా కళ్ళలోకి చూడలేదు. "చేశాను అంకుల్. మా ఫ్రిజ్ మీద మీరు అంటించిన పేపర్‌లో నంబర్ ఉంది. 911 కంటే ముందు మీకే చేశాను, నాకు చాలా భయమేసింది. మీరు కట్ చేశారు. మీటింగ్‌లో ఉన్నారనుకున్నాను."

పొద్దున పూట తెలియని నంబర్లు రోజుకు నాలుగైదు వస్తాయి. కారు వారంటీ అంటారు, ఇన్సూరెన్స్ అంటారు. పేరు లేని నంబరును నేను చూడను కూడా చూడను, బొటనవేలితో కొట్టేస్తాను. ఆ మంగళవారం పొద్దున కూడా అలాగే కొట్టేసి ఉంటాను. ఎంత గింజుకున్నా ఆ కాల్ నాకు గుర్తుకు రాలేదు. క్లాసులోంచి, పరీక్షలోంచి దాన్ని బయటికి పిలిచినవాణ్ణి, నన్ను పిలిచిన ఒక్కసారి పలకలేదు. పలకలేదని కూడా నాకు తెలియదు.

చేతిలో ఉన్న సగం ఆ అమ్మాయికిచ్చాను. తను దాన్ని తన సంచిలో పెట్టుకుంది, ఎలా పెట్టాలో నేను చెప్పలేదు. నీ నంబర్ చెప్పమ్మా అని ఫోన్ తీశాను. తను అంకెలు చెబుతుంటే నొక్కాను. రెండుసార్లు తప్పు పడింది, తను మళ్ళీ మొదటినుంచి చెప్పింది. పేరు రాసి సేవ్ చేశాను.

"ఈసారి మీరు కట్ చేసినా మళ్ళీ చేస్తాను అంకుల్," అంది.

వాళ్ళు వెళ్ళే చోట పది రోజులూ ఫోన్లు పనిచేయవు. అది తనకు తెలుసు, నాకూ తెలుసు. సరేనమ్మా అన్నాను.