ఖాసింకి నేను చెప్పిన మిషను

ఆరేళ్లుగా ఇది నా గొంతుకి అడ్డం పడి ఉంది. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తిరువూరులో నాకు కార్లు పాలిష్ చేసే షాపుంది. పక్క షెడ్డులో ఖాసిం డెంటింగ్ పని చేసేవాడు. వాడు సొట్ట తీశాడంటే, అక్కడ సొట్ట పడిందని ఓనరు కూడా కనిపెట్టలేడు. నన్ను నోరారా అన్నా అని పిలిచేవాడు. అలాంటివాడికి పాలిష్ షాపు పెట్టాలని ఆశ పుట్టింది. నాకు కడుపు మండింది. దాచడమెందుకు? వాడు నాకంటే పనిమంతుడు. వాడు మొదలుపెడితే నా గుమ్మం ఎవడు తొక్కుతాడు?

పెయింటు మీద గీతలు తీసే మిషన్లు రెండు రకాలు. రోటరీ ఒకే తీరుగా గిర్రున తిరుగుతుంది. అలవాటు లేనివాడు పట్టాడా, వేడెక్కి పెయింటు కాలిపోతుంది. డీఏ అలా కాదు, దాని ప్యాడు తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది, వేడి ఒకచోట నిలవదు. కొత్తవాడు కొనాల్సింది అదే.

టీకొట్టు దగ్గర అడిగాడు.

"ఏది కొనమంటావన్నా? నువ్వు డీఏనే వాడతావుగా?"

"నాకు భుజం నొప్పిరా, అందుకని. డీఏ ఆటబొమ్మ. నీ పనితనానికి రోటరీయే కరెక్టు."

"నువ్వు చెప్పాక ఇంక ఆలోచించేదేముంది? బోణీ కూడా నువ్వే చేయించాలన్నా."

మేలు కోరేవాడి చేత బోణీ చేయించుకుంటారు కదండీ మా వైపు. వాడికి ఆ మేలు కోరేవాణ్ణి నేను.

అక్కడితో ఆగానా? వాడు రోటరీ కొని షాపు తెరిచిన రోజే, నెమలి ఊరి నుంచి ఒక మాస్టారు నా దగ్గరికి నల్ల కారు తెచ్చారు. పెయింటు మందం కొలిచే మీటరు పెట్టి చూశాను. ఎన్నిసార్లు పాలిష్ పట్టించారో, పెయింటు ఉల్లిపొరలా మిగిలింది. నేనైతే చచ్చినా ముట్టను. "నాకు ఖాళీ లేదండి, ఖాసిం బ్రహ్మాండంగా చేస్తాడు" అని పంపేశాను. వెనకే నేనూ వెళ్లాను, చూడ్డానికి.

ఖాసిం బిస్మిల్లా అని మిషను బానెట్ అంచుకి ఆనించాడు. అర నిమిషం పట్టలేదు. నలుపు పోయి కింద బూడిదరంగు ప్రైమరు తేలింది. చేతకానివాడివి షాపెందుకు పెట్టావయ్యా అని మాస్టారు పదిమందిలో కడిగేశారు. వాడు ఆ మచ్చని అరచేత్తో రుద్దుతున్నాడు, రుద్దితే పోతుందన్నట్టు. నాకు లోపల ఎంత హాయిగా ఉందో! పైకి మాత్రం "ఏంట్రా ఇది" అని తల కొట్టుకున్నాను.

మాట ఊరంతా పాకింది. డెంటింగ్‌కి కూడా ఎవరూ రాలేదు. ఇప్పుడు విస్సన్నపేటకి షేర్ ఆటో తోలుతున్నాడు.

భయంతో చేశానా? భయమైతే మిషను దగ్గరే ఆగేవాణ్ణి కదా. ఆ కారు పంపింది భయం కాదు. వాడు నలుగురిలో పరువు పోగొట్టుకుంటుంటే నిలబడి చూడాలనిపించింది, అంతే.

మొన్న నా షాపు ముందు ఆటో ఆపాడు. పాలిష్ పని ఎందుకు మానేశావని ఎవరో ప్యాసింజరు అడిగితే, "అన్న మంచి మిషనే చెప్పాడండి, నాకే పని రాలేదు" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అవునన్నట్టు తలూపాను. ఛీ! అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా?

క్షమించమని అడగను, అడిగే మొహం లేదు. నీకు పని వచ్చు ఖాసిం, నాకంటే బాగా వచ్చు. వాడితో అనాల్సిన మాట మీతో అన్నాను. నా గుండె బరువు కాస్త దిగింది. వాడు మాత్రం తనకి పని రాదనే అనుకుంటున్నాడు.